గాల్లో ఆగిన బంతి

“లోపలికి వెళ్ళిందా? చెప్పవే! బంతి లోపలికి వెళ్ళిందా, లేదా?”

“వెళ్ళింది నాన్నా. ముందు తిను.”

“నీకేం తెలుసు? నువ్వప్పటికి పుట్టనేలేదు!” అంటూ హినెక్ కంచం అవతలికి నెట్టేశాడు.

నిజమే, మిలాదాకు ఏమీ తెలియదు. దేశమంతా ‘ఇనపతల హినెక్’ అని పిలుచుకున్న మనిషికి కూతురై పుట్టినా, ఫుట్‌బాల్ అంటే ఆమె ఎరిగింది నాన్న నుదుటి మీద అమ్మ వేసే తడిగుడ్డ ఒక్కటే. హినెక్ కాలితో కొట్టిన గోల్స్ తక్కువ, తలతో కొట్టినవే ఎక్కువ. ఆ దెబ్బల వల్లే ఇప్పుడీ మతిమరుపేమోనని డాక్టరు అనుమానం. అన్నీ చెరిగిపోయి, ఓస్త్రవ నగరంలో ఆడిన ఫైనల్ ఒక్కటి మిగిలింది. అదీ సగమే. బంతి వస్తుంది, తను ఎగురుతాడు, తల తగులుతుంది. ఆ తర్వాత ఏమైందో గుర్తు రాదు.

బాగున్న రోజుల్లో ఆ ఆట మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. గొప్పలు చెప్పుకోవడం గిట్టదేమో అనుకునేది మిలాదా. ఇప్పుడేమో ఆ సంగతి తేలందే ముద్ద దిగదు. మనిషి చిక్కి సగమయ్యాడు. రోజూ మధ్యాహ్నం బస్సుకు పక్క ఊరి నుంచి వచ్చే బార్తా, ఆ రోజుల్లో తన జట్టులోనే ఆడినవాడు, చెబితేనే నమ్ముతాడు.

గేటు చప్పుడైంది. గుమ్మం తగలకుండా తల వంచుకుని పొడుగాటి ముసలాయన లోపలికొచ్చాడు.

“ఒరేయ్ బార్తా! చెప్పరా, లోపలికి వెళ్ళిందా?”

“ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? ఎడమ పక్క నుంచి బంతి వచ్చింది. నువ్వు మనిషెత్తు లేచావు. ఇక కిందికి రావేమో అనుకున్నాం!”

“మరి గోల్‌కీపరు?”

“వాడూ దూకాడు. వేలికొసకైనా అందలేదు.”

“పాపం! ఆ రాత్రి వాడికి నిద్ర పట్టి ఉండదు.”

“పట్టలేదులే,” అన్నాడు ముసలాయన మెల్లగా.

హినెక్ సంబరంగా కంచం దగ్గరికి లాక్కున్నాడు. చెయ్యి తగిలి గసగసాల గిన్నె బల్ల మీంచి జారింది. నేల తాకేలోపే ముసలాయన దాన్ని అందుకున్నాడు.

“కాళ్ళతో ఆడినవారికి చేతులింత చురుకా బాబాయ్!” మిలాదా నవ్వింది.

“మా ఆవిడ విసిరే గిన్నెలు పట్టుకుని అలవాటైందమ్మా.”

హినెక్ ప్లమ్ పండు పెట్టి ఉడికించిన పిండి ఉండల్ని వెన్నలో అద్దుకుని ఆవురావురుమని తింటున్నాడు. చూస్తుంటే మిలాదాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ముసలాయన ముందు పూలగుత్తి, చిన్న గ్లాసులో ప్లమ్ సారా పెట్టింది.

“శుభాకాంక్షలు బాబాయ్!”

“దేనికమ్మా?”

మిలాదా తెల్లబోయింది. రోజుకో పేరు రాసి ఉండే గోడ మీది క్యాలెండర్‌లో ఇవాళ బార్తొలొమ్యెయ్ పేరు పడింది. బార్తా అసలు పేరు అదే, ఆ పేరున్నవాళ్ళందరికీ ఇవాళ పండగే. పుట్టినరోజైనా మరిచిపోతారుగానీ, తమ పేరు పడిన రోజును ఎవరైనా మరిచిపోతారా? ఇంత వంటా ఆయన కోసమే చేసింది.

“ఓ... అవును కదూ,” అంటూ ఆయన తడబడుతూ గ్లాసెత్తాడు.

సాగనంపుతూ గేటు దగ్గర అడిగేసింది. “మీరు బార్తా కాదు కదూ?”

ఆయన టోపీ తీసి చేతిలో నలిపాడు. “కాదు తల్లీ. బార్తా పోయి చాలా కాలమైంది. ఒకసారి చూసిపోదామని వస్తే మీ నాన్న ఆ పేరుతో పిలిచి కావలించుకున్నాడు. ఆ మొహం చూసి కాదనలేకపోయాను.”

“పోనీలెండి. మీ పుణ్యమా అని నాలుగు ముద్దలు తింటున్నాడు. రేపు కూడా రండి బాబాయ్.” గేటు మీద చెయ్యి వేసి ఆగింది. “ఒక్కటి మాత్రం నిజం చెప్పండి. ఆ బంతి లోపలికి వెళ్ళిందా?”

లోపల్నుంచి హినెక్ కూనిరాగం వినిపిస్తోంది. ముసలాయన తన పెద్ద పెద్ద అరచేతులు విప్పి, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలి వంక చూసుకున్నాడు.

“నేనే పట్టుకున్నానమ్మా.”