ముడి వెయ్యని చేతులు

“బాపూ, గీసారి పోగు తెగినా ముట్టకు,” అంది నవీన, ఫోన్‌లో కెమెరా తెరుస్తూ.

మరమగ్గం ముందు నిలబడ్డ దశరథం, చూపు పోయిన కళ్లను కూతురి గొంతు వైపు తిప్పాడు. “తెగినంక ఊకె ఎట్లుంట బిడ్డా? బట్ట ఖరాబైతది.”

“మొన్న ముడేసినవ్ గదా! గా వీడియో చూసి, కండ్లు లేనోడు పోగులెట్ల అతుకుతడు, అంత నాటకమని రాసిండ్రు. నీ కండ్ల ఆపరేషన్‌కు చందాలు పంపుడే బంద్ చేసిండ్రు.”

“ముప్పై ఏండ్ల అలవాటని చెప్పకపోయినవా?”

“చెప్పిన. ఎవ్వరు నమ్మలే.”

నవీన స్విచ్ వేసింది. కాసేపటికి మగ్గం చప్పుడు మారింది. పోగు తెగిందని ఆమె పోల్చుకునేలోపే ఆయన చెయ్యి లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కడుపుకు అదుముకున్నాడు. బట్ట మీద సన్నటి గీత పడుతూనే ఉంది. ఆయన నేతలో అంత పొడుగు గీతను నవీన ఎన్నడూ చూడలేదు.

ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇప్పుడైతే జనం నమ్ముతారు. ఆమె ఫోన్ దించలేదు.

“అయిపోయిందా బిడ్డా?” అన్నాడు దశరథం. “ఇగ ముడెయ్యొచ్చా?”