తేడా లేని ఇల్లు

"మీ పెట్టె మళ్లీ అబద్ధమాడిందండీ," అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేయడం ఆపకుండానే. "నేను ఇస్త్రీ చేస్తుంటే అది గీజరంటోంది."

అతను మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి చూశాడు. టిఫిన్ డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె, దానికో చిన్న తెర, ఇంట్లోకి వచ్చే కరెంటు తీగను చుట్టుకుని ఒక కాయిల్. సరంజామా అంతే. ఒక్కో వస్తువు కరెంటును ఒక్కో తీరులో లాక్కుంటుంది. ఆ తీరును పట్టుకుని ఇంట్లో ఏది నడుస్తోందో పెట్టె చెప్పేయాలి. వోల్టేజీ పడిపోతే ఎర్రదీపం వెలిగించి హెచ్చరించాలి. వస్తువుకో మీటరు పెట్టే స్తోమత లేని ఇళ్లకు ఇంతకంటే చవకైన దారి లేదు. ఎర్రదీపం బుద్ధిగానే పనిచేస్తోంది. తెర మీద మాత్రం గీజరు అని తెలుగులో గుండ్రంగా రాసి ఉంది.

"వోల్టేజీ బాగాలేదు. అందుకే తికమకపడుతోంది," అన్నాడు.

"దానికా, మీకా?"

అతను నెలకోసారి ఇంటి మొహం చూపించే ఉద్యోగాన్ని వదిలేసి, రెండేళ్లుగా తను తయారుచేసిన ఈ పెట్టెనే పట్టుకు వేలాడుతున్నాడు. మీటర్ల ఫ్యాక్టరీ మేనేజరు చివరికి ఒక మాటన్నాడు. ఒక్క ఇంట్లోనైనా నెల రోజులు తప్పు లేకుండా నడిచినట్టు చూపిస్తే తయారీకి ఒప్పుకుంటాడట. లేకపోతే పాత ఉద్యోగం ఎలాగూ ఉంది. ఆ ఊరు, ఆ గది, ఆ ఒంటరి తిండి తలుచుకుంటేనే అతనికి దిగులు ముంచుకొచ్చేది.

నాలుగిళ్లలో పెట్టెలు బిగించాడు. స్నేహితుడి ఇంట్లో అది ఫ్రిజ్‌ను ఫ్యానంది. దర్జీ ఇంట్లో కుట్టుమిషన్‌ను మిక్సీ అంది. సొంతింటి సంగతి సరేసరి. అత్తగారింట్లో మాత్రం నెల తిరిగినా ఒక్క తప్పు లేదు. ఆవిడకిచ్చిన కాగితాల్లో ఒక వరుస పెట్టె చూపించింది రాయడానికి, రెండో వరుస ఇంట్లో నడిచింది రాయడానికి. రెండు వరుసలూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఆ వీధిలో వోల్టేజీ బంగారం," అన్నాడు భార్యతో, కాగితాలు ఆడిస్తూ.

"అదేమో గానీ అమ్మ సగం చిక్కిపోయింది. మొన్న వెళ్తే కూర్చుని రెండు మాటలు కూడా మాట్లాడలేదు. ఆ గదిలోంచి ఈ గదిలోకి పరుగులే."

"పెద్దావిడ, ఊరికే కూర్చోలేదు పాపం."

పెట్టె బిగించిన రోజున స్టూలు మీద నిలబడి, నోట్లో స్క్రూలు పెట్టుకుని, అతను ఆవిడకు అంతా విడమరిచి చెప్పాననే అనుకున్నాడు. "పెట్టె ఒకటి, ఇల్లు ఒకటి కాకూడదు అత్తయ్యా. రెండూ కలవాలి. మీరే చూసుకోవాలి. మీ అమ్మాయి కాపురం మీ చేతిలో ఉంది," అన్నాడు, సరదాకి. ఆవిడ తల ఊపింది. ఎందుకు, ఏమిటి అని ఎదురు ప్రశ్న వేసే మనిషి కాదు.

శుక్రవారం పొద్దున్న మేనేజరు తన కళ్లతో చూస్తానని వచ్చాడు. అత్తగారింటి హాల్లో, సరిగ్గా పెట్టెకు ఎదురుగా కూర్చున్నాడు. నవ్వితే ఎక్కడ మాటిచ్చినట్టవుతుందోనని నవ్వని రకం.

"టీ పెడతాను బాబూ," అని అత్తగారు వంటింట్లోకి వెళ్లింది.

కాసేపటికి తెర మీద అక్షరాలు మారాయి. వాషింగ్ మెషీన్.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మేనేజరు చెవులు రిక్కించాడు. అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి, మేనేజరుకు మొహమాటంగా ఓ నవ్వు నవ్వి లోపలికెళ్లిపోయింది. అల్లుడు పాత ఉద్యోగానికి మనసులో పెట్టే బేడా సర్దేసుకుంటూ ఉండగా, వెనక గదిలోంచి గుర్రుమని చప్పుడు మొదలైంది.

"నిజమే, వాషింగ్ మెషీనే!" మేనేజరు ముందుకు వంగాడు. "చప్పుడు రాకముందే చెప్పేసిందే?"

"మన చెవి కంటే ముందే పసిగడుతుంది సార్," అన్నాడు అల్లుడు. ఎలా పసిగట్టిందో అతనికీ అంతుపట్టలేదు.

మేనేజరు కాగితాలు తిరగేశాడు. ముప్ఫై రోజులు. రెండు వరుసలకూ ఎక్కడా తేడా లేదు.

"అమ్మా, ఈ రాసిందంతా మీరు కళ్లారా చూసిందేనా?"

"ఒట్టు బాబూ," అంది అత్తగారు, రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెడుతూ. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కటి కూడా అబద్ధం రాయలేదు. ఈ నెలంతా దాని సేవకే సరిపోయింది. టీ కొంచెం ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి."

మేనేజరు మొదటిసారి నవ్వాడు. వచ్చే నెలలో మొదటి వెయ్యి పెట్టెలు తయారుచేస్తామన్నాడు. టీ కోసం ఆగకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

అల్లుడికి కాళ్లు నేల మీద ఆనలేదు. ముందు భార్యకు ఫోన్ చేద్దామనుకుని, కాదు, అత్తగారికి దండం పెట్టాలని లోపలికి నడిచాడు. వంటింట్లో ఎలక్ట్రిక్ కెటిల్ ప్లగ్గు పీకేసి ఉంది. అందులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక గదిలో మెషీన్ ఇంకా తిరుగుతోంది. ఆవిడ పక్కనే స్టూలు మీద కూలబడి మోకాళ్లు నొక్కుకుంటోంది.

అతను మూత ఎత్తి చూశాడు. లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు.

"అత్తయ్యా, బట్టలే లేవు. ఎందుకు వేశారు?"

ఆవిడ అతని వంక వింతగా చూసింది.

"పెట్టె అడిగింది కదా బాబూ!"