నలభై మూడు ఖాళీ గడులు

టాబ్ తెరవగానే ఫైజల్ షీట్ పైనున్న అంకెను రెండుసార్లు చూశాడు. నలభై మూడు ఉండాల్సిన చోట సున్నా ఉంది.

ఆ నలభై మూడుతో అతనికి నాలుగు నెలల సావాసం. మడికొండలో ఉద్యోగం, ఆదివారం పొద్దున మాత్రం ఖబరస్తాన్‌లో పని. కమిటీ వాళ్ల పాత రిజిస్టరును టాబ్‌లో స్ప్రెడ్‌షీట్‌గా ఎక్కిస్తున్నాడు. సమాధికి ఒక వరుస. పేరు, తేదీ, చోటు, చివరి గడిలో మట్టి ఇచ్చినవాళ్లు.

ఖననానికి వచ్చినవాళ్లు తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తారు. కరోనా ముదిరిన ఆ ఒక్క నెలలో మాత్రం వరసగా నలభై మూడు మందికి ఆ గడి ఖాళీ. ఖాళీ గడులెన్నో లెక్కపెట్టే కౌంట్‌బ్లాంక్ ఫార్ములాను షీట్ పైన పెట్టింది ఫైజలే. పెట్టిన పాపానికి అది అతన్నే పట్టుకుంది. ఆఫీసులో ఏ షీట్ తెరిచినా నలభై మూడే కనబడేది.

ఆ వరుసల్లో చివరిది అతని తండ్రి మజర్‌ది.

ఆ రోజు ఫైజల్ దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. కొడుకై ఉండి పిడికెడు మట్టి వేయలేకపోయాడు. పోనీ ఇంకెవరైనా వేశారా అంటే, రిజిస్టరులో అదీ లేదు. ఇన్నేళ్లయినా ఆ ఖాళీ గడి చూస్తే అతనికి ఊపిరాడదు.

ఇప్పుడు ఆ గడులన్నీ నిండి ఉన్నాయి. సారయ్య. సారయ్య. సారయ్య. తండ్రి వరుసలోనూ సారయ్యే.

సారయ్య ఖబరస్తాన్‌లో గడ్డి కోసే మనిషి. ఎనుమాముల అవతల ఏదో పల్లె. పని అయ్యాక ఫైజల్ పక్కన కూర్చుని టాబ్ వంక చూసేవాడు. ఆ పైనున్న లెక్కేందని ఒకసారి అడిగాడు. దిక్కులేకుండా పోయినవాళ్ల లెక్క అని చెప్పి, ఫైజల్ తండ్రి వరుస కూడా చూపించాడు. మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని, గడి మూలనున్న చుక్కను పట్టి కిందికి లాగితే అదే పేరు అన్ని గడుల్లో నిండుతుందని సరదాకి నేర్పాడు. పోయిన ఆదివారం కమిటీ మీటింగుకు పోతూ టాబ్ అతని చేతికే ఇచ్చాడు.

చుక్క పట్టి లాగాడన్నమాట!

సారయ్య కొడవలితో రాగానే ఫైజల్ మండిపడ్డాడు. "ఇది ఆడుకునే వస్తువు కాదు కాకా. వీళ్లకు మట్టి ఇచ్చినోళ్లు లేరు. లేరంటే లేరనే ఉండాలె."

అతని ముందే గడులన్నీ చెరిపేశాడు. సున్నా పోయి నలభై మూడు వచ్చింది.

సారయ్య ఆ చివరి గడి మీద వేలు పెట్టాడు. "మీ బాపు ముంగట ఒక్కటి ఉండనియ్యరాదు కొడుకా."

"మా అబ్బాను నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"లేదు. మొకం సూడలే."

"మరింకేంది?"

సారయ్య కండువా భుజాన వేసుకుని గడ్డిలోకి నడిచాడు.

తరువాతి రెండు ఆదివారాలు అతను రాలేదు. గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. గేటు దగ్గర పూలమ్మే మహబూబ్‌బీని అడిగితే, గుండె నొప్పి అన్నాడట, దవాఖానకు చేరేలోపే పోయాడట. వాళ్ల ఊళ్లో కాష్టం కాలి పది రోజులైందని చెప్పింది.

వేలు జారిన పాటి తప్పుకు పెద్దమనిషిని అంతలేసి మాటలన్నానని ఫైజల్ ఆమెతో చెప్పుకుని బాధపడ్డాడు.

"వేలు జారుడేంది బేటా?" అంది ఆమె. "నువ్వు మీటింగుకు పోయిన దినం పొద్దుగాల కూసున్నోడు పగటి జోహర్ నమాజు దాకా లేవలే. ఒక్కో పేరు సదువుడు, ఆ మైకుల తన పేరు చెప్పుడు."

ఎందుకని అడిగాడు ఫైజల్. ఆమె చెప్పుకొచ్చింది. ఆ నెలలో వ్యాన్లు వచ్చి, సంచుల్లో చుట్టిన మనుషుల్ని గేటు లోపల దించి పోయేవట. భయపడి ఎవరూ ఇళ్లు కదల్లేదట. గుంతలు తవ్వే కూలికి వచ్చిన సారయ్య ఒక్కడే మిగిలాడు. తనే తవ్వాడు, తనే దించాడు. మనవాళ్లు ఏం చేస్తారో ఆమె దూరం నుంచి చెబుతుంటే, ప్రతి ఒక్కరికీ మూడు పిడికిళ్లు వేశాడు.

"నాకెందుకు చెప్పలే ఖాలా?"

"వేరే మతపోని చేతి మట్టి అంటే మీ మనసు ఎట్లయితదో అని భయపడ్డడు. నువ్వు ఆ లెక్క చూసి కుములుతాంటే ఆగలేకపోయిండు."

ఫైజల్ గేటు మెట్టు మీద కూలబడి టాబ్ తెరిచాడు. చుక్క లాగితే క్షణంలో అయిపోయేది. లాగలేదు. ఒక్కో పేరు పైకి చదివి, మైకు నొక్కి, సారయ్య అన్నాడు. నలభై రెండు. నలభై ఒకటి. తండ్రి వరుస దగ్గర రెండుసార్లు చెప్పినా మైకు మాట పట్టలేదు. మూడోసారికి పేరు పడింది, పైన సున్నా వచ్చింది.

మహబూబ్‌బీ పూల మీద నీళ్లు చిలకరిస్తూ, "మీ అబ్బా ముంగట ఇంకో పేరు సుత రాయి బేటా," అంది.

"ఎవరిది?"

"నీదే. కొడుకు దవాఖానల ఉన్నడని వ్యానాయన చెప్తే, తన మూడు వేసినంక, ఇవి ఆ కొడుకుయి అనుకుంట సారయ్య ఇంకో మూడు పిడికిళ్లు వేసిండు."