గడ్డిలో పడుకునే గద్ద

ఉత్తరాది నుంచి ఎగిరొచ్చిన ఆడ పిల్లిగద్ద, రెక్కలు సోలిపోతుంటే, గడ్డిబీడులో వాలబోయింది. తుమ్మచెట్టు మీది కాకి అడ్డుపడింది.

"నువ్వేం గద్దవే? గద్దలు చెట్ల మీద కదా పడుకునేది!"

"మా జాతి గడ్డిలోనే పడుకుంటుందన్నా. కాస్త దిగనీ, ఇక ఎగరలేను."

"మాకే కోతలా? పో!" కాకి ముక్కుతో పొడిచేసరికి ఆమె మళ్లీ పైకి లేచింది.

అంతలో ఆమె మొగుడు వచ్చాడు. బూడిదరంగువాడు, ఒంట్లో ఆమెకంటే చిన్నవాడు. కాకి గొంతు మెత్తబడింది.

"అయ్యా, తమరెక్కడ పడుకుంటారు?"

"గడ్డిలో."

"అలా చెప్పండి మరి! దయచేయండి."

అలసిన ఆడగద్ద ఇంకా గాల్లోనే తిరుగుతోంది. కింద గడ్డిలో ఉన్న తీతువుపిట్ట పక్కకు జరిగి చోటిచ్చింది.

"దిగిరా అక్కా. నువ్వు చెప్పినప్పుడే నాకు వినబడింది."