బావ చేసిన మర్యాద

బకెట్టు ఎత్తబోయిన రామప్ప చేతిని వెంకటరమణ పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాల నీకు, బరువులెత్తద్దని? కూసో."

"నీళ్ల బకెట్టు బావా. గొర్రెను బుజానేసుకొని కొండెక్కేవాణ్ణి నేను."

"అది పోయిన నెల మాట. ఇప్పుడు పెండ్లికొడుకువి. కూసో."

రామప్ప కూర్చున్నాడు. కాటేజీ వరండాలో పేము కుర్చీ. ముప్పై రెండేళ్లలో అట్లాంటి కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. ఎదురుగా నీలగిరి చెట్లు. చెట్ల సందున, చాలా కింద, తను గొర్రెలు మేపే కురబలకోట బీళ్లు. పైనుంచి చూస్తే అరచేయంత ఉన్నాయి.

ఈ కొండ కిందే పుట్టినాడు. ఆఫీసర్లు దిగే కాటేజీలో మూడు దినాలు పడుకుంటానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. తీసుకొచ్చింది వెంకటరమణ. అదీ బాడుగ కారులో. "బస్సు కుదుపులు నీకు పనికిరావు" అన్నాడు.

వెంకటరమణ రామప్ప అక్క ఇందిరమ్మకు మొగుడు. రామసముద్రం పక్క ఒక పల్లెలో బడి అయ్యవారు. తొమ్మిదేళ్ల కింద కుదిరింది కుండమార్పిడి సంబంధం. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి. ముందు ఇందిరమ్మ పెండ్లి జరిగింది. వెంకటరమణ చెల్లెలు చిన్నది, రెండేళ్లు ఆగుదాం అన్నారు. రామప్ప ఆగినాడు.

రెండేళ్లకు వెంకటరమణ సైకిలు మీద వచ్చినాడు. పసుపు పూసిన పత్రిక ఒకటి రామప్ప చేతిలో పెట్టినాడు. చెల్లెలి పెండ్లి పత్రిక. వరుడు కుప్పంలో ఉద్యోగస్తుడు.

"ముందు దినమే రావల్ల" అని చెప్పి సైకిలెక్కినాడు.

ఆ తర్వాత ఏడేళ్లు రామప్ప అతనితో మాట్లాడలేదు. అక్క గడప తొక్కలేదు. గొర్రెల వెనక తిరిగేవానికి ఇంకెవరూ పిల్లనివ్వలేదు. తల్లి సిద్ధమ్మకు మొగబిడ్డ ఇతనొక్కడే. "ఈ ఇంట్లో ఇంక ఊయల కట్టేది లేదా నాయినా" అని సద్ది కట్టిచ్చేటప్పుడల్లా కండ్లు తుడుచుకునేది.

ఈ ఏడు ఉగాది పోయినాక పుంగనూరులో ఆదిలక్ష్మి కుదిరింది. లగ్నం నెల దినాలుందనగా, పిలవకుండానే వెంకటరమణ వచ్చినాడు. సిద్ధమ్మ కాళ్లు పట్టుకున్నాడు. తప్పయిపోయింది అత్తా, దాన్ని దిద్దుకోనీ అన్నాడు. రామప్పకు తొడ మొదట్లో చిన్న గడ్డ ఉందని ఇందిరమ్మ ఎప్పుడో చెప్పిందట. పెండ్లికి ముందే తీయించాలన్నాడు. తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు. అరగంట పని. కట్టు కట్టి పంపించినారు. పుండు మానేదాకా ఇంట్లో ఉంటే గొర్రెల వెంట పడతావని, నేరుగా కొండకు తెచ్చినాడు.

పొద్దున రెండు కోడిగుడ్లు. మధ్యాహ్నం మెత్తటన్నం. సాయంత్రం పాలు. అన్నీ వెంకటరమణ చేతుల మీదుగానే.

కాటేజీ వాచ్‌మన్ చెంగయ్య వరండా ఊడుస్తూ నవ్వినాడు.

"పురిటాలికి చేసినట్టు చేస్తాండాడే. కానుపు యాడైంది అప్పా?"

"మా బావలే. పాతపాపం కడుక్కుంటాండాడు" అన్నాడు రామప్ప.

"ఇట్లాంటి బావ నాకూ ఒకడుంటే నేనూ పండుకుందును."

ముగ్గురూ నవ్వినారు. వెంకటరమణ అందరికంటే ముందు ఆపేసినాడు.

మూడో దినం సాయంత్రం మంచు దిగింది. వెంకటరమణ తన దుప్పటి తీసి రామప్పకు కప్పినాడు. రామప్ప పాలగ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"బావా, ఈ ఏడేండ్లు నిన్ను తిట్టుకోని దినం లేదు."

"తిట్టు. తిట్టే పనే చేస్తిని."

"మొగోణ్ణి పట్టుకొని మోసం చేసె గదా అని, ఒక్కణ్ణే గొర్రెలకు చెప్పుకొని ఏడ్చేవాణ్ణి. అవి మేసుకుంటా పోయేవి."

"ఇప్పుడవన్నీ యాల రామప్పా."

"ఇప్పుడే చెప్పాల. నా మనసులో ఏం లేదు ఇంక. నాకు మొదట ఆడబిడ్డ పుడితే నీ కొడుక్కే ఇస్తా. నువ్వు తప్పితివి. నేను తప్పను. ఇదో, కొండ మీద చెప్తాండా."

వెంకటరమణ లేచినాడు. పాలు చల్లారిపోయినాయి, కాచుకొస్తానని గ్లాసు తీసుకుని లోపలికి పోయినాడు. ఎంతసేపటికీ రాలేదు.

"ఏం బావా, ఎద్దు పాలు పిండుతాండావా?" అని రామప్ప కేకేసినాడు.

మరుసటి దినం కారు కురబలకోటలో ఆగింది. సిద్ధమ్మ మిరపకాయలు, ఉప్పు తెచ్చి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి దిష్టి తీసింది. కొడుకు ముఖం చూసి, "తేటపడినావు నాయినా" అంది. అల్లుని తల మీద చెయ్యి పెట్టింది. తిని పొమ్మంది. వెంకటరమణ తినలేదు. ఆఫీసులో పనుందని అదే కారులో వెళ్లిపోయినాడు.

ఈ నెలలోపల కుటుంబ నియంత్రణకు ఒక్క మనిషినైనా తేని అయ్యవారికి బదిలీ తప్పదన్న ఆఫీసరు బల్ల మీద, ఆ మధ్యాహ్నం వెంకటరమణ తన చేత్తో రాసిన కాగితం పెట్టినాడు: "రామప్ప, కురబలకోట, ముగ్గురు బిడ్డల తండ్రి, ఆపరేషన్ అయినది."