మైనస్ నాలుగొందల ఇరవై నాలుగు

కోనసీమలో లెక్క తప్పే మనిషి ఇంకా పుట్టలేదు.

సరే, రేచల్ పుట్టింది.

కంప్యూటర్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చేతికందిన ఆఫీసు ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అమలాపురంలో పరీక్ష కేంద్రం వరండాలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఖరి సాధన చేస్తోంది. ఆరువందల్ని బైనరీలోకి, అంటే ఒకట్లూ సున్నాల్లోకి, మార్చమంటే ఎక్సెల్ షీటు మార్చనంటోంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.



పక్కనున్న పెద్దాయన తొంగి చూశాడు. గోళ్లనిండా కొబ్బరి పీచు మరకలు.

"ఎన్నమ్మా?"

"ఆరొందలండీ. మీకు తెలీదు లెండి తాతగారూ."

"అంబాజీపేటలో నలభయ్యేళ్లు కాయలు లెక్కెట్టేనమ్మా. ఆరొందలూ జతలు కట్టు. మూడొందల జతలు. ఏవన్నా మిగిలిందా?"

"లేదండి."

"సున్నా రాయి. ఆ మూడొందల్నీ కాయలే అనుకుని మళ్లీ జతలు కట్టు. కాయ మిగిలితే ఒకటి, లేకపోతే సున్నా. ఆఖరికి ఒక్కటే ఉంటే దానికీ ఒకటి. అప్పుడు కింద నుంచి పైకి చదువుకో."

రేచల్ రాసింది. 1001011000.

సరిచూద్దామని దాన్ని షీటులో మళ్లీ మామూలు అంకెలోకి తిరగేసింది. మైనస్ 424 అంది షీటు.

"మైనస్సటండీ! వెళ్లి మీ కాయలు లెక్కెట్టుకోండి తాతగారూ. ఇక్కడ పరీక్ష రాసేవాళ్లం ఉన్నాం."

పెద్దాయన వంగి ఆ మైనస్ చూశాడు.

"ఆయ్... కంప్యూటరే కాదంటే నాదే తప్పయ్యుంటదమ్మా."

సంచి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

గంట కొట్టారు.

మొదటి ప్రశ్నే ఏడువందలు. రేచల్ షీటులో కొట్టి చూసి చెయ్యెత్తింది.

"సార్, షీటులో రావట్లేదండీ!"

ఇన్విజిలేటరు హరిబాబు గారు విసుక్కున్నారు.

"చేత్తో చెయ్యమని ప్రశ్నలోనే ఉంది కదమ్మా. షీటు ఐదొందల పదకొండు దాటితే మార్చదు. తిరగేశావా, కుడి నుంచి పదో అంకె ఒకటైతే మైనస్ అనుకుంటుంది."

అయితే తాతగారి లెక్క తప్పు కాదు.

రేచల్ జతలు కట్టడం మొదలెట్టింది. సున్నా, సున్నా, ఒకటి...

హరిబాబు గారు ఆమె పక్క సీటు దగ్గర ఆగారు.

"ఈయన రాలేదేంటి? నెల రోజుల నుంచి రోజూ వచ్చి నేర్చుకున్నారే!"

ఖాళీ బల్లకు అంటించిన కాగితం వైపు రేచల్ చూసింది. పి. శ్రీరాములు, అరవై ఏడేళ్లు, అంబాజీపేట. పక్కనే ఫొటోలో తాతగారు నవ్వుతున్నారు.

ఆ నవ్వు ఈ కథ చెబుతున్న నేను పెట్టిందే లెండి. హాల్‌టికెట్ ఫొటోలో ఎవరు నవ్వుతారు?