గట్టయ్య సీసా

గనిల బొగ్గు మీద కూలి కాళ్లు నలిగినోళ్లకు కిడ్నీలు ఎందుకు ఆగిపోతయో తెలుసుకోవుడే నా పని. దవాఖానల ఒక్కొక్కరి మూత్రం ఒక్కో సీసాల పట్టి, రోజూ కొలిచి రాసుకునేదాన్ని.

సీసాల మీది కాగితం చీటీలు తడిసి ఊడిపోతున్నయని, అట్లనే కాళ్లు నలిగొచ్చిన గట్టయ్య తన గని బిళ్లను సీసా మెడకు కట్టిండు. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల. "గనిల దిగేటప్పుడు పైన ఇచ్చి పోతం డాక్టరమ్మా. పైకొచ్చినోడు తనది తను తీసుకుంటడు. బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందున్నట్టే."

ఆరు రోజులు అతనికి మూత్రం చుక్క రాలేదు. ఒళ్లంత ఉబ్బింది. అయినా నన్నే ఓదార్చేటోడు. "ఫికర్ చెయ్యకుండ్రి. మీ సీసా నింపకుండ నేనెటు పోను."

ఏడో రోజు పొద్దుగూకంగ పోయిండు. బిళ్ల విప్పి అతని భార్య సారక్క చేతిల నేనే పెట్టిన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఖాళీ సీసా కడిగి పెడదామని కందిలి పట్టుకొని సీసాలు పెట్టే గదికి పోయిన. మూడో షిఫ్టు సైరన్ ఆగినంక అంతా నిమ్మళమైంది. అప్పుడు వినొచ్చింది, గాజుకు ఇత్తడి తాకిన చప్పుడు. కొంచెం ఆగి, మళ్లొకసారి.

గట్టయ్య సీసా నిండుగ ఉంది. మెడకు బిళ్ల మెల్లగ ఊగుతుంది. తాకి చూస్తే సీసా వెచ్చగ ఉంది.

కొలిచిన, అతని పేరు ముందర రాసిన. తర్వాత బిళ్ల విప్పి, అరచేతిల పెట్టి, చీకట్లకు చాపిన.

"తీస్కో గట్టయ్యా. ఇగ పైకి రా."